ఈశాన్యం మూల యాంటెన్నా

నువ్వు చేసే పని ఏమిటని అడిగినవాళ్ళకు ఒక్క ముక్కలో చెప్పడం నాకు ఈనాటికీ చేతకాదు. విజయవాడలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతానంటే అందరికీ అర్థమవుతుంది. ఆ పైన పరిశోధన సంగతి ఎత్తానా, ఎదుటివాళ్ళ చూపు మెల్లగా గోడ గడియారం మీదికి పోతుంది. చివరిదాకా విని, ఇంకా చెప్పమన్న మనిషి మా చుట్టాల్లో ఒక్కరే ఉండేవారు. మా అక్క భర్త. కూచిపూడికి ఇవతల, కాలవ గట్టు మీద ఊరు. వరి, ఓ చేపల చెరువు, వచ్చేపోయేవాళ్ళతో పరాచికాలు, అంతే ఆయన ప్రపంచం.

ఆయనకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. భూమికి వందల కిలోమీటర్ల ఎత్తున అయనావరణం అనే పొర ఒకటి ఉంది. ఎండ తాకిడికి అక్కడి గాలి విద్యుత్ కణాలుగా విడిపోయి ఉంటుంది. దాన్నే ప్లాస్మా అంటాం. పొద్దు గూకాక ఆ పొర అడుగుభాగం తొందరగా పలచబడిపోతుంది, పైన మాత్రం చిక్కగా మిగులుతుంది. అప్పుడు అడుగునున్న పలచని ప్లాస్మా బుడగల్లా పైకి లేచి, పొరనంతా ఎగుడుదిగుడు చేస్తుంది. భూమధ్యరేఖ దగ్గరి దేశాలకే ఈ బెడద ఎక్కువ. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్ళలో మన కృష్ణా జిల్లా దాకా వచ్చేస్తుంది. ఆ ఎగుడుదిగుళ్ళలోంచి దిగివచ్చే ఉపగ్రహం సంకేతం నక్షత్రం మిణుకుమన్నట్టు మిణుకుతుంది. విమానాలకూ ఓడలకూ దారి చూపించే సంకేతాలు కూడా ఆ కాసేపు తడబడతాయి. ఆ బుడగలు ఏ వేగంతో కొట్టుకుపోతున్నాయో తెలిస్తే, ముందున్న ఊళ్ళవాళ్ళను హెచ్చరించవచ్చు.

వేగం కొలవడానికి రెండు యాంటెన్నాలు కావాలి. ఒకటి పడమట, ఒకటి తూర్పున. రెండూ ఒకే ఉపగ్రహాన్ని వింటూ ఉంటాయి. బుడగలు తూర్పుకి పోతాయి కనక, పడమటి యాంటెన్నాలో కనబడిన మిణుకే కాసేపాగి తూర్పుదానిలో కనబడుతుంది. మధ్య దూరాన్ని ఆ ఆలస్యంతో భాగిస్తే వేగం వస్తుంది.

కాలవ గట్టు మీద కూచుని ఇదంతా విన్న బావగారు, నీళ్ళలో తేలిపోతున్న గుర్రపుడెక్క వైపు గడ్డం ఎత్తి చూపించారు.

"ఇంతేగా మరదలా! ఆ డెక్క ముందు పడమటి వంతెన కింద కనబడిద్ది. కాసేపుండి తూర్పు వంతెన కింద కనబడిద్ది. రెండు వంతెనల మధ్య ఎంతుందో తెలిస్తే కాలవ ఎంత జోరుగా పారుతుందో చెప్పెయ్యొచ్చు. దీనికి నీకు జీతం కూడా ఇస్తన్నారా?"

మర్నాటికల్లా ఊళ్ళో నా పేరు గుర్రపుడెక్క మేడం అయింది. ఇప్పటికీ అదే పేరు.

పట్నంలో రేడియో రొద ఎక్కువ. అందుకే ఆ ఊరు ఎంచుకున్నాను. పడమటి యాంటెన్నా గ్రంథాలయం మేడ మీద పెట్టాను. తూర్పుది అక్క వాళ్ళ మేడ మీద. అదే వీధి, మధ్యలో కొన్ని ఇళ్ళు, నూట యాభై మీటర్ల దూరం. పాతకాలపు టీవీ యాంటెన్నాలాంటిదే, కాకపోతే కాస్త పెద్దది. ఆకాశంలోకి, దక్షిణానికి కొంచెం పడమటగా గురిపెట్టి ఉంటుంది. గురి తప్పితే సంకేతం పడిపోతుందని నేల మీద రెండు మేకులు కొట్టి, మధ్య నీలం రంగు నైలాన్ దారం బిగించి, ఆ దారం వెంట దాన్ని నిలబెట్టాను. బావగారు పక్కనే నిలబడి అదంతా చూశారు. గాలికి పడకుండా అడుగున సిమెంటు దిమ్మ పోయించాం.

దూరం కలిసి రావాలని ఆ దిమ్మను మేడకు తూర్పు అంచున, దక్షిణం వైపు చెట్ల నీడ కనక ఎండ తగలడానికి ఉత్తరం వైపు, అంటే సరిగ్గా ఈశాన్యం మూల పోయించాను. ఎండ నాకెందుకంటే, పక్కనున్న సోలార్ పలకకు.

అక్క కాఫీ గ్లాసులతో మేడెక్కి, దిమ్మను చూసి అక్కడే ఆగిపోయింది.

"ఈశాన్యంలో బరువేంటే? ఎవరన్నా ఈశాన్యంలో ఇనుం పెడతారా?"

మా వైపు ఇల్లు కట్టేవాడు ఇంజనీరును మార్చినా మారుస్తాడు గాని వాస్తు చెప్పేవాణ్ణి మార్చడు. మంచి తలుపును పీకి గోడ కట్టి, అటుపక్క గోడ పగలగొట్టి తలుపు పెట్టిన ఇళ్ళు ఆ ఒక్క వీధిలోనే చాలా ఉన్నాయి. నాకు ఆ మాట వింటేనే చిరాకు. ఏదో అనబోయాను. నాకంటే ముందే బావగారు అందుకున్నారు.

"ఆకాశానికి మూలలేంటే? పైనున్న బుడగలకి ఈశాన్యం తెలిసిద్దా, నైరుతి తెలిసిద్దా? పెట్టుకోనీ పిల్లని."

అక్క ఊరుకుంది. ఊరుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆ తేడా నాకప్పుడు పట్టలేదు.

మొదటి ఏడాది దసరా రోజుల్లో మంచి సాయంత్రాలు దొరికాయి. దీపాలు పెట్టే వేళ దాటగానే తెరమీద గీత వణకడం మొదలయ్యేది. ముందు గ్రంథాలయం గీత, ఒకటిన్నర సెకను ఆగి అక్క ఇంటి గీత, అదే వణుకు, అవే ఎత్తుపల్లాలు. బావగారు నా వెనక కుర్చీ వేసుకుని "అదుగో డెక్క, అదుగో" అనేవారు. నాకు పిచ్చి సంతోషంగా ఉండేది. అన్ని వందల కిలోమీటర్ల పైన జరిగే ప్రయాణాన్ని చిన్న వీధిలో కూచుని కొలుస్తున్నానని లోలోపల గర్వం కూడా.

ఆ తర్వాతి చలికాలంలో బావగారికి దగ్గు పట్టుకుంది. చుట్ట కూడా ముట్టని మనిషి. విజయవాడలో స్కాన్ తీయిస్తే ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారు. మందు ఎక్కించే రోజుల్లో ఇద్దరూ మా ఇంట్లోనే ఉండేవారు. ఆస్పత్రి నుంచి మొదటిసారి తిరిగివస్తుంటే, కారులో వెనక సీటులో కూచున్న అక్క కిటికీలోంచి చూస్తూ నన్ను ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ దిమ్మ పోయించింది ఏ నెల్లో?"

నేను ట్రాఫిక్ చూస్తున్నట్టు నటించాను. ముందు సీటులో కళ్ళు మూసుకుని ఉన్న బావగారు మాత్రం కళ్ళు తెరిచారు. కారు నడుపుతున్న నాకు కంటికొసన కనబడింది.

ఆ మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. కాకి వాలడం, తాటిపండు రాలడం అని పిల్లలకు క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. ఒకటి ముందు, ఒకటి తర్వాత జరిగితే చాలు, ముందుది తర్వాతదానికి కారణమైపోదు. అక్కకు ఆ పాఠం ఎలా చెప్పడం? చెప్పినా ఆవిడ వినే స్థితిలో ఉందా? నాకు చిన్నప్పుడు జడ వేసి బడికి పంపిన మనిషి. ఆవిడ మనసులో నేను మొగుడి ప్రాణం మీదికి తెచ్చినదాన్ని అయిపోతానేమోనని నాకు భయం పట్టుకుంది. సైన్సు చదువుకున్నదానికి ఈ భయమేమిటని నన్ను నేను కసురుకున్నాను గాని, భయం పోలేదు.

వేసవి మొదట్లో మళ్ళీ బుడగల కాలం వచ్చింది. నేను ఊరికి వెళ్ళలేకపోయినా లెక్కలన్నీ ఇంటర్నెట్‌లో కాలేజీకి వచ్చేవి. ఈసారి వేగం పెరిగింది. కొంచెం కాదు, ఏకంగా నాలుగో వంతు. నేను ఎగిరి గంతేశాను. సూర్యుడి చురుకు పెరిగే ఏడాది అది. ఆ చురుకుతో బుడగల వేగం పెరగాలనే మా పాఠం కూడా. అంత స్పష్టంగా దొరకడం అదృష్టం అనుకుని, సదస్సుకు వ్యాసం రాసి, ముందుగా నాకు పరిశోధన నేర్పిన గురువుగారికి పంపాను. ఆయన సాయంత్రానికి ఫోన్ చేశారు.

"అంతా బానే ఉందమ్మా. కానీ ఈ పెరుగుదల ఒక్కరోజులో మెట్టులా వచ్చింది, చూశావా? ముందురోజు దాకా పాత వేగం. ఆ రోజు నుంచీ కొత్త వేగం. సూర్యుడు మెట్లెక్కడమ్మా. వాలు మీద ఎక్కుతాడు."

నాకు కావలసిన జవాబు వచ్చింది కదా అని ప్రశ్న అడగడం మానేశాను. గడియారాలు పరీక్షించాను, సరిగానే ఉన్నాయి. కేబుళ్ళు, రిసీవర్లు, అన్నీ సరిగానే ఉన్నాయి. ఇక మిగిలింది ఒక్కటే. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

అక్క మేడ మీద ఈశాన్యం మూల ఖాళీగా ఉంది. దిమ్మ ఉన్నచోట నలుచదరంగా తెల్లటి మచ్చ, దాని మధ్య పసుపు రాసిన ఇత్తడి చెంబు, నిండా నీళ్ళు. సోలార్ పలక మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నా యాంటెన్నా పెరట్లో నైరుతి వైపు, చేపల మేత బస్తాలు పెట్టుకునే గది కప్పు మీద నిలబడి ఉంది. ఎందుకైనా మంచిదని నేను చుట్ట చుట్టి వదిలిన కేబులంతా విప్పి అక్కడిదాకా లాగారు. గురి మాత్రం వెంట్రుకవాసి తప్పలేదు. కింద రెండు మేకులు, మధ్య నీలం నైలాన్ దారం. అందుకే సంకేతం పడిపోలేదు. అందుకే నాకు అనుమానమూ రాలేదు. తూర్పు యాంటెన్నా ముప్పై మీటర్లు పడమటికి వచ్చేసింది. నేను లెక్కలో పాత దూరమే వేసుకుంటూ పోయాను.

ఒళ్ళు మండిపోయింది. మెట్లు దిగి వంటింట్లోకి వెళ్ళి, బీరకాయ చెక్కు తీస్తున్న అక్క ముందు నిలబడ్డాను.

"నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

అక్క తలెత్తి చూసింది. ఎంత చిక్కిపోయిందో అప్పుడు గమనించాను.

"నేను కాదే. మీ బావే జరిపించాడు. నేను మీ ఇంట్లో ఉన్నప్పుడు, చెరువు చూసొస్తానని ఒక్కడే ఇక్కడికొచ్చి, చెరువు మనుషుల్ని పిలిపించి మోయించాడంట. వాస్తంటే నవ్వే మనిషి, ఆయనే నమ్మాడంటే నాకు మరీ భయమేసిందే. డాక్టర్లు నాకు చెప్పంది ఆయనకేదో చెప్పారనిపించింది."

పెరట్లోకి వెళ్ళాను. వేపచెట్టు నీడన మడతమంచం మీద బావగారు పడుకుని ఉన్నారు. నన్ను చూడగానే లేచి కూచోబోయారు. ఆ కాస్తకే ఆయాసం వచ్చింది. మంచం పట్టె మీద కూచుని, కోపం అణచుకుంటూ అడిగాను. మీరు కూడానా బావగారూ, అన్నాను.

ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"నేను నమ్మటం కాదే. ఇది కుదిరే రోగం కాదని నాకు తెలుసు. ఆ రోజు కారులో మీ అక్క అడిగిన మాట నువ్వూ విన్నావు, నేనూ విన్నా. నేను పోయాక ఆ మాట మళ్ళీ వచ్చిద్ది. మీ అక్క అనకపోతే ఊరంటది, చుట్టాలంటారు. అన్నీ విని విని చివరికి మీ అక్కా అంటది. దానికి నువ్వు తప్ప ఎవరున్నారు? పిల్లాజెల్లా లేనిది. మీరిద్దరూ మాట్లాడుకోకపోతే దాని గతేంటి? అందుకని నేనుండగానే తీయించా. మూల ఖాళీగా ఉంటే అనటానికి నోరు రాదు."

ఇంతసేపు మాట్లాడేసరికి దగ్గు వచ్చింది. మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, నా ముఖం చూసి నవ్వారు.

"గురి తప్పకుండా దారం కట్టించాగా. ఫోన్లో దిక్కులు చూసి మరీ కట్టించా. ఇంకా ఏం పాడైంది?"

దూరం బావగారూ, అన్నాను. దూరం మారింది. ఆయన నుదురు కొట్టుకున్నారు.

"ఓరి నా బుద్ధి మండ! వంతెన జరిపేశానన్నమాట!"

నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఆ బుడగలు ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా ఉంటాయి, కాబట్టి ఈశాన్యం నుంచి నేరుగా ఆగ్నేయానికి జరిపి ఉంటే లెక్కకు ఏమీ అయ్యేది కాదని చెప్పాను. "ఆగ్నేయంలో మీ అక్క వంటిల్లుంది. రోజూ నెత్తిన చూసుకుంటా కూర వండిద్దా?" అన్నారు. అంతలోనే ముఖం మారిపోయింది. "నీ పని చెడగొట్టానేమో మరదలా. ఈ మాట మాత్రం మీ అక్కతో అనకు."

పని చెడలేదు. దూరం కొత్తగా కొలుచుకుంటే లెక్కలన్నీ తిరిగి వస్తాయి. ఆ సాయంత్రమే టేపు తెచ్చాను. వద్దంటే వినకుండా ఆయనే ఒక కొస పట్టుకున్నారు. గ్రంథాలయం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, టేపు సున్నాను గోడకు రెండు చేతులా అదిమిపెట్టి, "నా చెయ్యి జారితే ఆకాశమే తప్పుద్ది" అని వచ్చేపోయేవాళ్ళకు చెబుతూ. కొత్త దూరం నూట ఇరవై వచ్చింది. వేగం తగ్గి, మళ్ళీ ముందటి ఏడాది వేగం దగ్గరికే వచ్చింది. సదస్సు వ్యాసం చించేశాను. అందుకు ఏమాత్రం బాధ కలగలేదు. అయనావరణం సంగతి ఒక్కరోజు కూడా గుర్తురానంత పెద్ద బాధ ముందు నిలబడి ఉంది.

దసరా దాకా కూడా ఆయన ఉండలేదు.

పెద్దకర్మ నాడు షామియానా కింద భోజనాలు అయ్యాక, ఆడవాళ్ళందరం హాల్లో కూచున్నాం. బావగారి పిన్ని, పెద్దావిడ, ఎవరితోనూ కాదన్నట్టు పైకప్పు వైపు చూస్తూ అంది.

"దుక్కలాంటి మనిషి. ఈశాన్యంలో ఇనుప కొయ్య పాతిన నాడే అనుకున్నా."

ఎవరూ నా వైపు చూడలేదు. చూడకపోవడమే చూడడం. నేను అక్క ముఖమే చూస్తున్నాను. ఆవిడ ఇప్పుడు ఏమంటుందో అదే ఇక మాకు మిగిలిన బతుకంతా.

అక్క తల ఎత్తకుండానే అంది. "ఈశాన్యంలో ఏమీ లేదు చిన్నత్తయ్యా. నీళ్ళ చెంబు ఉంది. కావాలంటే మేడెక్కి చూసి రండి."

పెద్దావిడ కొంగు సర్దుకుంది. మాట ఇంకోవైపు మళ్ళింది.

సాయంత్రానికి చుట్టాలంతా వెళ్ళిపోయారు. నేను రెంచి పట్టుకుని పెరట్లో ఇనుప మెట్లెక్కి, మేత గది కప్పు మీదికి చేరాను. ఇక ఆ వస్తువు అక్క కళ్ళ ముందు ఉండకూడదని అనుకున్నాను. మొదటి నట్టు వదులు చేస్తుండగా అక్క కూడా ఎక్కి వచ్చింది. ఆవిడ ఆ మెట్లు ఎక్కగా నేను ఎన్నడూ చూడలేదు.

"విప్పకు," అంది. వంగి, కింద బిగించి ఉన్న నీలం దారాన్ని వేలితో తాకింది. "ఆయన దగ్గరుండి కట్టించాడు. ఉండనీ."

ఇద్దరం కప్పు అంచున కూచున్నాం. కాలవ మీద వెలుగు తగ్గుతోంది. అక్క దారం వైపే చూస్తూ చెప్పింది.

"నాకూ ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిందే. ఆయన్ని తీసుకెళ్ళిన రోజు, అందరూ కింద ఉంటే నేను మేడెక్కాను. నిన్ను తిట్టాలనే ఎక్కాను. ఆ మూల చూస్తే చెంబు తప్ప ఏం లేదు. ఏమని తిట్టను? అది అక్కడే ఉండుంటే అనేదాన్నే. బతికినన్నాళ్ళూ అనేదాన్ని."

నేను రెంచి పక్కన పెట్టాను.

"ఆ సంగతి బావగారికి తెలుసక్కా," అన్నాను.

ఎప్పుడు చెప్పాడని అడిగింది. వేపచెట్టు కింద ఆయన అన్న మాటలన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పాను. చెప్పొద్దన్న మాట కూడా చెప్పాను. అన్ని రోజులూ అందరి ముందూ రాయిలా కూచున్న మా అక్కకు అప్పుడు ఏడుపు వచ్చింది. నా భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా పెద్దగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దీపాలు పెట్టే వేళ దాటిపోయింది, దిగి వెళ్ళి దీపం పెట్టాలని ఇద్దరికీ తోచలేదు.

వదులు చేసిన నట్టును మళ్ళీ బిగించి దిగాను.